పెట్టెలో వాచీ... పుట్టిందెప్పుడు?

ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతల్లో, కలరా ఉండల వాసనతో ఓ చిన్న లేడీస్‌ వాచీ. అమ్మదో, అమ్మమ్మదో, మేనత్తదో! ఆగిపోయి ఏళ్ళయింది. బజారుకు తీసుకెళితే ఒకరు పాతిక వేలు చేస్తుందంటారు, ఇంకొకరు పాతిక రూపాయలకూ పనికిరాదంటారు. ఎవరి మాట నమ్మాలి? ముందు వాచీ మాట వినాలి. తన వయసేమిటో, ఊరేమిటో, ఒంట్లో ఉన్నవన్నీ తనవేనో కాదో చాలావరకూ అదే చెబుతుంది.

ఓడలరేవు... పేరులోనే ఓడలున్న ఊరు. కోనసీమలో, అల్లవరం మండలంలో, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంటుంది. బయటివాళ్ళకి ఓఎన్‌జీసీ గ్యాస్‌ టెర్మినల్‌ ఉన్న ఊరిగానో, ఇంజినీరింగ్‌ కాలేజీ ఉన్న ఊరిగానో తెలుసు. ఈ తీరంలోని పల్లెలకి దూరదేశాలు కొత్త కాదు. కోనసీమ నుంచి కువైట్‌, దుబాయ్‌, మస్కట్‌లకు పనికోసం వెళ్ళినవారిలో ఆడవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్నారు. పిల్లల్ని తల్లి దగ్గరో అత్త దగ్గరో వదిలి, ఎవరింట్లోనో వంట చేసి, ఎవరి పిల్లలనో పెంచి, రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవారు. వస్తూ వస్తూ దుప్పట్లు, సెంటు సీసాలు, టేపురికార్డరుతోపాటు చేతికో వాచీ.

అందుకే ఇక్కడి పెట్టెల్లోంచి పాత లేడీస్‌ వాచీ బయటపడితే, దాని విలువ రూపాయల్లోనే తేలదు. కానీ, రూపాయల దగ్గరే మోసం జరుగుతుంది. అసలుదాన్ని నకిలీ అని చెప్పి చవగ్గా కొనేవాళ్ళున్నారు. నాలుగు వాచీల ముక్కలు కలిపిన దాన్ని 'యాభై ఏళ్ళ నాటి అసలు సరుకు' అని అంటగట్టేవాళ్ళూ ఉన్నారు. రెండు రకాల మోసాలకూ మందొకటే... వాచీని గుర్తుపట్టడం నేర్చుకోవడం.

నాలుగు దారులు

మన ఊళ్ళలో కనిపించే పాత లేడీస్‌ వాచీ సాధారణంగా నాలుగు దారుల్లో ఒకదాని గుండా వచ్చి ఉంటుంది. ఏ దారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మొదటిది స్విస్‌ దారి. స్విట్జర్లాండ్‌ కంపెనీ ఫేవర్‌ లూబా 1865 నుంచే మనదేశంలో వ్యాపారం చేసింది. 1886లో మొదలైన వెస్ట్‌ ఎండ్‌ వాచ్‌ కంపెనీకి బొంబాయి, కలకత్తాలే పెద్ద మార్కెట్లు. దేశంలో వాచీలు తయారుకాని రోజుల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఉండేవి ఇవే.

రెండోది హెచ్‌ఎంటీ దారి. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్‌ కంపెనీ సహకారంతో బెంగళూరులో ఫ్యాక్టరీ పెట్టింది హెచ్‌ఎంటీ. మొదటి వాచీలను ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. మగవాళ్ళకు 'జనతా' ఎలాగో, ఆడవాళ్ళకు 'సుజాత' అలాగ. పెళ్ళిలో అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం ఆనవాయితీగా ఉన్న కాలంలో ఆడవాళ్ళ చేతికి వాచీ ఎక్కిందంటే చాలాసార్లు అది ఉద్యోగం వల్లే. టీచరమ్మ, నర్సమ్మ, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ... వీళ్ళ చేతులకే ముందు కనిపించేది. ఇందులో ఓ చిన్న ఆధారమూ ఉంది. అప్పట్లో చాలా లేడీస్‌ వాచీలకు సెకన్ల ముల్లు ఉండేది కాదు. నాడి చూడాల్సిన నర్సుకి మాత్రం అది తప్పనిసరి!

మూడోది మన హైదరాబాద్‌ దారి. నిజాం కాలంలో, 1942లో మొదలైన ఆల్విన్‌ సంస్థ ఫ్రిజ్‌లూ బస్సు బాడీలతో పేరు తెచ్చుకుంది. 1980లలో జపాన్‌ సీకో కంపెనీ సహకారంతో వాచీలూ తయారుచేసింది. ఆ సంస్థ ఇప్పుడు లేదు, వాచీలు మాత్రం తెలుగిళ్ళలో అక్కడక్కడా ఉన్నాయి. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో స్థాపించిన టైటాన్‌ 1987 నుంచి షోరూముల్లోకి వచ్చింది. కీ ఇచ్చే వాచీల రోజులు పోయి బ్యాటరీ వాచీల రోజులు వచ్చింది అప్పుడే.

నాలుగోది గల్ఫ్‌ దారి. సీకో, సిటిజన్‌, క్యాసియో... అన్నీ జపాన్‌ పేర్లే. ఓడలరేవు, కొమరగిరిపట్నం లాంటి తీర గ్రామాల వాళ్ళకి 'దుబాయ్‌ వాచీ' అంటే ఇవే గుర్తొస్తాయి.

ముందు కట్టుకున్నది ఆడవాళ్ళే!

అన్నట్టు, చేతివాచీ మొదట్లో ఆడవాళ్ళ నగే. నేపుల్స్‌ రాణి కరోలిన్‌ మురా కోరితే ప్యారిస్‌లోని బ్రెగే 1810లో ముంజేతికి కట్టుకునే గడియారం తయారీ మొదలుపెట్టాడు. 1868లో పటేక్‌ ఫిలిప్‌ కంపెనీ హంగరీకి చెందిన ఓ జమీందారిణి కోసం ఇంకోటి చేసింది. మగవాళ్ళు అప్పటికి జేబు గడియారాలు వేలాడేసుకుని తిరుగుతున్నారు. కందకాల్లో నిలబడి జేబులోంచి గడియారం తీయడం కుదరక, మొదటి ప్రపంచయుద్ధంలో వాళ్ళూ చేతికి కట్టుకోవడం మొదలుపెట్టారు.

తర్వాత లేడీస్‌ వాచీ ఎంత చిన్నదైతే అంత గొప్ప అనే పోటీ మొదలైంది. 1929లో జేజర్‌ లెకూల్ట్ర్‌ చేసిన '101' అనే మిషన్‌ బరువు దాదాపు ఒక్క గ్రాము. 1953లో పట్టాభిషేకం నాడు రెండో ఎలిజబెత్‌ రాణి చేతికి ఉన్నది ఆ మిషన్‌తో నడిచే వాచీయే. ఈ చిన్నతనమే లేడీస్‌ వాచీకి శత్రువు కూడా. పళ్ళచక్రాలు వెంట్రుకంత సన్నం కాబట్టి చెమట చేరినా, దుమ్ము పడినా ముందు పాడయ్యేది అదే. 'ఇంత చిన్నది నా వల్ల కాదమ్మా' అని మెకానిక్‌ చేతులెత్తేస్తే పెట్టెలోకి చేరేదీ అదే.

సాక్షులను విడివిడిగా...

దొంగతనం కేసులో పోలీసులు ఏం చేస్తారు? సాక్షులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడుగుతారు. జవాబులు కలిస్తే నిజం, కలవకపోతే ఎక్కడో తేడా. వాచీ విషయంలోనూ అంతే. డయల్‌, మూత, మిషన్‌, ఇల్లు... ఈ నలుగురు సాక్షులూ 'నువ్వు పుట్టింది ఎప్పుడు?' అన్న ప్రశ్నకు ఒకే జవాబు చెప్పాలి.

మొదటి సాక్షి డయల్‌. భూతద్దం పెట్టి చూడాలి. ఫ్యాక్టరీలో అచ్చయిన అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. మళ్ళీ పెయింటు వేసిన డయల్‌ మీద అక్షరాలు ఉబ్బినట్టు, వంకరగా, ఒకదానికొకటి దూరం సమంగా లేకుండా కనిపిస్తాయి. నిమిషాల గీతలూ, అంకెలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడాలి. డయల్‌ అడుగున ఆరో అంకె దగ్గర 'స్విస్‌ మేడ్‌' అన్న చిన్న అక్షరాలకు అటూ ఇటూ 'టి' అనే ఇంగ్లిష్‌ అక్షరం ఉందనుకోండి... చీకట్లో వెలిగేందుకు ట్రిటియం అనే పదార్థం వాడారని అర్థం. ఇది 1960ల నుంచి 1990ల చివరిదాకా సాగిన పద్ధతి. ఆ గుర్తున్న వాచీని '1940 నాటిది' అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవచ్చు.

చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ మనవాళ్ళు 'రేడియం' అంటారు. నిజంగా రేడియం పూసిన వాచీలూ ఉండేవి, 1960ల ముందువి. ఆ పూత మెరవడం మానేసినా దానిలోని రేడియోధార్మికత పోదు. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అందుకని అంత పాత వాచీ ముళ్ళమీదున్న పూతను గోటితో గీకడం, అద్దం తీసి ఊదడం లాంటివి చేయకూడదు.

రెండో సాక్షి వెనక మూత. 'స్టెయిన్‌లెస్‌ స్టీల్‌ బ్యాక్‌' అని ఉంటే మూత మాత్రమే స్టీలు, చుట్టూ ఉన్నది ఇత్తడి మీద పూత అని అర్థం. '10 మైక్రాన్స్‌', '20 మైక్రాన్స్‌' అని ఉంటే అది బంగారు పూత మందం. మైక్రాన్‌ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు! పసుపు రంగు చూసి 'బంగారు వాచీ' అని మురిసిపోయే ముందు బెల్టు తగిలించే కాళ్ళ దగ్గర చూడాలి. రాపిడి ఎక్కువగా తగిలేది అక్కడే. పూత అయితే అరిగి కింది లోహం బయటపడుతుంది.

బంగారమే అయితే లోపల ముద్ర ఉంటుంది. 18 క్యారెట్లకు 750, 14 క్యారెట్లకు 585 అంకెలు. పాత స్విస్‌ వాచీల్లో 18 క్యారెట్లకు స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత బొమ్మ వేసేవారు. 1995లో వాటి స్థానంలో సెయింట్‌ బెర్నార్డ్‌ జాతి కుక్క తల వచ్చింది. మన బీఐఎస్‌ హాల్‌మార్కు బంగారానికి మొదలైందే 2000లో. కాబట్టి అంతకు ముందరి వాచీ మీద ఆ ముద్ర లేదని బెంగపడక్కర్లేదు. ముద్రలనూ దొంగతనంగా కొట్టేవాళ్ళుంటారు కాబట్టి చివరి మాట మాత్రం కంసాలి గీటురాయిదే.

మూత తీస్తే...

మూడో సాక్షి మిషన్‌. దీన్ని ఇంట్లో చాకుతో తెరవకూడదు. వాచీ మెకానిక్‌ దగ్గర, ఆయన కంటద్దం పెట్టుకుని మూత తీస్తుంటే పక్కన నిలబడి చూడాలి. మొట్టమొదట చూడాల్సింది పేరు. హెచ్‌ఎంటీ వాచీ అయితే మిషన్‌ మీదా హెచ్‌ఎంటీ గుర్తే ఉండాలి. డయల్‌ మీద 'పారాషాక్‌' అని ఉంటుంది చాలా కీ వాచీలకి. కిందపడినా లోపలి ఇరుసు విరగకుండా కాపాడే సిటిజన్‌ కంపెనీ పద్ధతి అది. స్విస్‌ వాచీల్లో అదే పనిచేసేదాన్ని 'ఇన్‌కాబ్లాక్‌' అంటారు. ఆ రెండో పేరు హెచ్‌ఎంటీ డయల్‌ మీద కనిపిస్తే అనుమానించాల్సిందే.

స్విస్‌ వాచీల విషయంలో మాత్రం తొందరపడకూడదు. డయల్‌ మీద ఒక పేరు, మిషన్‌ మీద 'ఏఎస్‌', 'ఈటీఏ', 'ఎఫ్‌హెచ్‌ఎఫ్‌' లాంటి ఇంకో గుర్తు ఉన్నంత మాత్రాన అది నకిలీ కాదు. అక్కడ చాలా కంపెనీలు మిషన్లను వేరే ఫ్యాక్టరీల నుంచి కొని తమ వాచీల్లో బిగించుకునేవి. మిషన్‌ సైజు, అది కూర్చున్న తీరు చూడాలి. గూటిలో వదులుగా ఉండి, చుట్టూ కాగితం ముక్కో ప్లాస్టిక్‌ చుట్టో దోపి బిగిస్తే... అది ఆ ఇంట్లో పుట్టిన బిడ్డ కాదు.

చెవి కూడా సాక్ష్యం చెబుతుంది. కీ ఇచ్చే పాత వాచీ సెకనుకు అయిదారుసార్లు గబగబా టిక్కుమంటుంది, సెకన్ల ముల్లు జారుతున్నట్టు కదులుతుంది. బ్యాటరీ వాచీలో ముల్లు సాధారణంగా సెకనుకోసారి ఆగి ఆగి గెంతుతుంది. ప్రపంచంలో తొలి క్వార్ట్జ్‌ చేతివాచీని సీకో అమ్మకానికి పెట్టిందే 1969 డిసెంబరు 25న. కాబట్టి 'మా నాయనమ్మకి 1955లో పెళ్ళికి పెట్టింది' అంటున్న వాచీలో బ్యాటరీ కనిపిస్తే తేదీ అయినా తప్పు, వాచీ అయినా మారింది!

మూత లోపలివైపు సూదితో గీసినట్టు చిన్న చిన్న అంకెలు, పొడి అక్షరాలు కనిపిస్తాయి ఒక్కోసారి. చాలామంది పాడైపోయిందనుకుంటారు. నిజానికి అవి రిపేరు చేసిన మెకానిక్కులు తమకోసం రాసుకున్న గుర్తులు, కొన్నిసార్లు తేదీలు. ఆసుపత్రి కేసుషీటు లాంటివన్నమాట. అవి ఉన్న మూత విలువ తగ్గదు, సాక్ష్యం పెరుగుతుంది.

నంబరు చెప్పే నెల

గల్ఫ్‌ దారిలో వచ్చిన సీకో వాచీలకు ఓ సుగుణం ఉంది. వాటి పుట్టిన నెల వీపుమీదే రాసి ఉంటుంది! మూత వెనక ఆరు లేదా ఏడు అంకెల సీరియల్‌ నంబరుంటుంది. అందులో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. రెండోది నెల. జనవరికి 1 నుంచి సెప్టెంబరుకి 9 దాకా అంకెలు, అక్టోబరుకి సున్నా, నవంబరుకి 'ఎన్‌', డిసెంబరుకి 'డి' అక్షరాలు. నంబరు 83తో మొదలైతే ఎనిమిదితో ముగిసే ఏడాది, మార్చి నెల అన్నమాట.

అయితే ఏ ఎనిమిది? 1978 కావచ్చు, 1988 కావచ్చు. అది తేల్చడానికి మూతమీదే ఉండే ఇంకో నంబరు చూడాలి. నాలుగు అంకెలో అక్షరాలో, ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు. అడ్డగీతకు ముందున్నది మిషన్‌ రకం. అదే నంబరు లోపల మిషన్‌ మీదా ఉండాలి. చాలా వాచీల్లో డయల్‌ అడుగు అంచునా చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మూడూ కలిస్తే ముక్కలు కలిపిన సరుకు కాదని నమ్మకం కుదురుతుంది. ఆ రకం మిషన్‌ను కంపెనీ ఏ ఏళ్ళలో వాడిందో తెలిస్తే దశాబ్దమూ తేలుతుంది.

ఇక్కడే నాలుగో సాక్షి అవసరం. ఆ సాక్షి... ఇల్లు. వాచీ తెచ్చినావిడ పాత పాస్‌పోర్టు బీరువాలో ఉంటే దాన్ని తీయాలి. ఆమె కువైట్‌ వెళ్ళింది 1987లో, తొలిసారి సెలవుకి వచ్చింది 1989లో అని స్టాంపులు చెబితే, 83 అన్న నంబరు 1988 మార్చి అయ్యేందుకే అవకాశం ఎక్కువ. తయారైన నెలలోనే కొని ఉండకపోవచ్చు కానీ, తయారుకాకముందు కొనలేరు కదా! పెళ్ళి ఫొటోలో చేతికున్న వాచీ, నర్సు శిక్షణ రోజుల గ్రూపు ఫొటో, షాపు బిల్లు, ఇంటికి రాసిన ఉత్తరం... ఇవన్నీ పనికొస్తాయి. పటేక్‌ ఫిలిప్‌, లాంజిన్స్‌ లాంటి స్విస్‌ కంపెనీలు పాత రికార్డులు చూసి వాచీ పుట్టుకను తెలిపే పత్రం ఇస్తాయి. మన పల్లెల్లోని వాచీలకు ఇంటి కాగితాలే అలాంటి పత్రం.

ముంబయి స్పెషల్‌

వాచీలు సేకరించేవాళ్ళ మధ్య 'ముంబయి స్పెషల్‌' అనే మాట ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. పాత హెచ్‌ఎంటీ, ఫేవర్‌ లూబా, సీకో, సిటిజన్‌ వాచీల విడిభాగాలు దొరికినవి దొరికినట్టు కలిపి, డయల్‌కి నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు కొత్తగా వేసి, తళతళలాడేలా పాలిష్‌ పట్టి అమ్మే సరుకది. మిషన్‌ అసలుదే కావచ్చు, నడవనూ నడవచ్చు. 'రంగు వేయించాం' అని చెప్పి అమ్మితే తప్పూ లేదు. 'ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది' అని అమ్మితేనే మోసం. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. ఆ వార్తతో పాత వాచీలకు గిరాకీ పెరిగింది, దాంతోపాటే ఇలాంటి సరుకూ పెరిగింది.

దీన్ని పట్టుకోవడానికి కోనసీమవాళ్ళకు ఓ సొంత గీటురాయి ఉంది. ఉప్పుగాలి! ఓడలరేవులాంటి చోట సైకిలు చైను నుంచి కిటికీ ఊచ దాకా దేన్నీ తుప్పు వదలదు. నలభై ఏళ్ళు ఈ గాలి పీల్చిన వాచీకీ ఆ గుర్తులు ఉంటాయి. కీ దగ్గర్నుంచి చెమ్మ లోపలికి పోతుంది కాబట్టి కీ పుల్ల మీద తుప్పు, ఆ పక్కన డయల్‌ అంచున మచ్చలు మొదలవుతాయి. తుపానుకో వరదకో పెట్టె తడిసి ఉంటే డయల్‌ మీద నీటిచార కూడా మిగులుతుంది. 'సముద్రం ఒడ్డున అమ్మమ్మ నలభై ఏళ్ళు రోజూ కట్టుకుంది' అన్న వాచీ డయల్‌ నిన్న అచ్చేసినట్టు మెరిసిపోతోందంటే కథయినా మార్చాలి, డయలైనా మార్చి ఉండాలి. వాచీ వయసూ, దాని ముఖం వయసూ ఒక్కటిగా ఉండటమే అసలుదానికి గుర్తు.

ఈ మాట ఇంట్లోవాళ్ళకీ వర్తిస్తుంది. అమ్మ వాచీ మీద ప్రేమతోనే చాలామంది దాన్ని పాలిష్‌కి ఇస్తారు, డయల్‌ మార్పిస్తారు, వెనక మూత మీది గీతలు అరగదీయిస్తారు. తిరిగొచ్చేది కొత్త వాచీ. నంబరు చెరిగిపోయాక, అసలు డయల్‌ చెత్తబుట్టలో పడ్డాక ఏ నిపుణుడూ దాని పుట్టుక చెప్పలేడు. మార్చక తప్పని భాగం ఏదైనా ఉంటే, పాతదాన్ని అడిగి తీసుకుని ఓ పొట్లంలో కట్టి వాచీతోనే ఉంచాలి.

వాచీ దొరికితే...

* ఆగిపోయిన కీ వాచీకి బలవంతంగా కీ తిప్పకూడదు. లోపల నూనె ఎండిపోయి ఉంటుంది. ముందు శుభ్రం చేయించాలి.

* బ్యాటరీ వాచీ అయితే పాత బ్యాటరీని వెంటనే తీయించాలి. కారితే మిషన్‌ను తినేస్తుంది.

* డయల్‌ను గుడ్డతో తుడవకూడదు. అక్షరాలు గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి.

* మూత తీసినప్పుడే డయల్‌, మూత లోపల, మూత బయట, మిషన్‌ నాలుగింటినీ దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోవాలి.

* అమ్మాలనుకుంటే ఆ ఫొటోలు కనీసం ఇద్దరు ముగ్గురికి చూపించాలి. కొనాలనుకుంటే ఆ నాలుగు ఫొటోలూ అడగాలి. మూత తీసి చూపించనన్న వాచీ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

* వాచీ ఆరకుండా మూతపెట్టి దాచేకన్నా, తేమ పీల్చే సిలికా పొట్లంతోపాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టడం మేలు. సముద్రం దగ్గరి ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం.

ఇంత పరీక్షా చేశాక వాచీ సాదాసీదా సుజాతో, మామూలు సీకోనో అని తేలొచ్చు. నిజానికి ఎక్కువసార్లు తేలేది అదే. సేకరించేవాళ్ళు మగవాళ్ళ వాచీలకే పోటీపడతారు కాబట్టి లేడీస్‌ వాచీలకు పెద్ద ధరా రాదు. కానీ, ఆ సీకో 1988 మార్చిది అని రుజువైతే ఆ ఇంటికి ఇంకో సంగతీ రుజువవుతుంది. పరాయి దేశంలో పరాయి ఇంట్లో పనిచేసిన ఓ మనిషి, జీతంలో చాలామటుకు ఇంటికి పంపి, మిగిలిన దాంట్లో తనకోసం కొనుక్కున్న వస్తువు అది. ఇల్లు కట్టిన డబ్బుకి లెక్కలుంటాయి, పిల్లల ఫీజులకి రసీదులుంటాయి. ఆమె తనకంటూ పెట్టుకున్న ఖర్చుకి మిగిలిన రుజువు ఒక్కోసారి ఆ చిన్న వాచీ ఒక్కటే.

కాబట్టి భూతద్దం, మెకానిక్‌, పాస్‌పోర్టు... అన్నీ తర్వాత. వాచీ కట్టుకున్న మనిషి ఇంకా ఇంట్లోనే ఉంటే ముందు ఆమెనే అడగాలి. ఎక్కడ కొన్నావు, ఎంతకి, ఎవరు తోడొచ్చారు, ఎప్పుడు ఆగింది అని. ఆమె చెప్పింది చెప్పినట్టు ఓ కాగితం మీద రాసి, కింద తేదీ వేసి, వాచీతోపాటే ఆ డబ్బాలో పెట్టాలి. పాతికేళ్ళ తర్వాత ఆ డబ్బా తెరిచే మనవరాలికి ఇంకే సాక్షీ అక్కర్లేదు!